నీళ్లలో జతలు మారితే...

పళ్లెంలో నీళ్లు పోసి చిటికెడు పసుపు కలపండి. అందులో వేలికొసకు అంటినంత సున్నం వేయండి. చూస్తుండగానే నీళ్లు ఎర్రగా మారిపోతాయి. పెళ్లికూతురు గడప దాటినా, బాలింత ఇంటికొచ్చినా దిష్టి తీసే ఎర్రనీళ్లు ఇవే. ఇప్పుడు ఆ ఎర్రనీళ్లలోనే ఓ నిమ్మచెక్క పిండండి. ఎరుపు పోయి మళ్లీ పసుపు రంగు వచ్చేస్తుంది!

ఇలాంటి చిత్రాలు ఇంట్లో రోజూ జరుగుతూనే ఉంటాయి. ఒక బోరు నీళ్లలో కందిపప్పు గంటసేపు ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది. పక్క వీధి నీళ్లలో ఇట్టే మెత్తబడుతుంది. ఒక ఊళ్లో సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. ఇంకో ఊళ్లో బోరు నుంచి తేటగా వచ్చిన నీళ్లు తెల్లారేసరికి బిందెలో ఎర్రబారతాయి. చూడటానికి ఇవన్నీ వేర్వేరు సంగతులు. కానీ వీటి వెనక ఉన్నది దాదాపు ఒకటే కథ. నీళ్లలో కరిగిన పదార్థాలు పాత జతను వదిలి కొత్త జతను వెతుక్కోవడం.

వంటింటి ముచ్చటే కదా అనుకోవద్దు. అద్దంలా మెరిసే నీళ్లు తాగి నల్గొండ జిల్లాలో తరాల తరబడి మనుషుల నడుములు ఎందుకు వంగిపోయాయో చెప్పేదీ ఈ కథే.

ఉప్పు ఎక్కడికి పోయింది?

గ్లాసు నీళ్లలో చెంచా ఉప్పు వేసి కలిపితే మాయమైపోతుంది. నిజానికి ఎక్కడికీ పోదు. ఉప్పు పలుకులో సోడియం, క్లోరిన్ అనే రెండు రకాల కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని వరసగా పేర్చి ఉంటాయి. సోడియం దగ్గర ధనావేశం, క్లోరిన్ దగ్గర రుణావేశం. వాటిని కలిపి ఉంచేది ఆ ఆకర్షణే. ఇలా విద్యుదావేశం ఉన్న కణాలనే అయాన్లు అంటారు. పదో తరగతి పిల్లల్ని అడిగినా చెబుతారు.

మరి నీళ్లు చేసేదేమిటి? నీటి అణువుకు ఒకవైపు కాస్త రుణావేశం, మరోవైపు కాస్త ధనావేశం ఉంటాయి. అందుకే ఉప్పు పలుకు చుట్టూ నీటి అణువులు గుమిగూడి, అటు సోడియాన్నీ ఇటు క్లోరైడునూ ఊడబెరుకుతాయి. ఊడి వచ్చిన ప్రతి అయానునూ చుట్టుముట్టి మళ్లీ తన జత దగ్గరకు పోకుండా కాపలా కాస్తాయి. అలా లీటరు నీళ్లు దాదాపు 360 గ్రాముల ఉప్పును ఇముడ్చుకోగలవు. అంతకు మించి వేస్తే అడుగున మిగిలిపోతుంది.

కరిగిన ఉప్పు ఇలా విడివిడిగా తిరుగుతుందని స్వీడన్‌కు చెందిన స్వాంటే అరీనియస్ 1884లో తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసంలో చెప్పినప్పుడు, ఉప్సాలా విశ్వవిద్యాలయంలోని పెద్దలకు అది ఏమాత్రం మింగుడుపడలేదు. బొటాబొటిగా గట్టెక్కించారు. స్వచ్ఛమైన నీళ్లలో కరెంటు సరిగా పారదు. పొడి ఉప్పులోనూ పారదు. రెండూ కలిస్తే మాత్రం చక్కగా పారుతుంది. ఎందుకు? నీళ్లలో ఆవేశాలను మోసుకుపోయే అయాన్లు తిరుగుతున్నాయి కాబట్టి! చివరికి ఆ వాదనే నెగ్గింది. 1903లో అరీనియస్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

మూడు దారులు

ఒకే గిన్నెలో రెండు రకాల ద్రావణాలు కలిపామనుకోండి. నాలుగు రకాల అయాన్లు ఒకచోట చేరతాయి. తిరునాళ్లలో జనంలా అటూ ఇటూ తిరుగుతుంటాయి. ఎవరి జత ఎవరన్నది ఇక లెక్కలో ఉండదు. చాలాసార్లు ఏమీ జరగదు కూడా. ఉప్పు నీళ్లలో పంచదార కలిపితే ఉప్పు ఉప్పే, పంచదార పంచదారే.

కానీ కొన్ని అయాన్లకు ఒకదానిమీద ఒకదానికి నీటిమీద కన్నా ఎక్కువ మక్కువ. అవి తారసపడితే నీటి కాపలాను తెంచుకుని ఒక్కటైపోతాయి. అప్పుడు వాటికి మూడు దారులున్నాయి.

ఒకటి, గట్టిపడి అడుగుకు చేరడం. దీన్నే అవక్షేపం అంటారు. వేడినీళ్ల గీజరులో పేరుకునే తెల్లటి చారలు, బాల్చీ అంచున పట్టే గార ఇలాంటివే. సున్నపు తేటలోకి నోటితో గాలి ఊదితే తెల్లబడటమూ ఇదే. మన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నంలోని కాల్షియంతో కలిసి సుద్దగా మారుతుంది. గోడకు వేసిన వెల్ల ఆరి గట్టిపడేదీ ఇలాగే.

రెండు, గాలిలో కలిసిపోవడం. చింతపండు రసంలో వంటసోడా వేస్తే బుసబుసమంటూ పొంగుతుంది. పులుపులోని ఆమ్లం, సోడాలోని బైకార్బనేటు కలిసి బొగ్గుపులుసు వాయువుగా మారి బుడగలై పైకి లేస్తాయి. గీజరు గారను, టీ కెటిల్ అడుగున పేరుకున్న తెల్లపొరను నిమ్మరసం వదిలించేది ఈ దారిలోనే.

మూడు, నీరుగా మారిపోవడం. ఆమ్లం అంటే హైడ్రోజన్ అయాన్లను వదిలేది. క్షారం అంటే హైడ్రాక్సైడు అయాన్లను వదిలేది. రెండూ కలిస్తే పుట్టేది నీరు. పసుపునీళ్లలో సున్నం వేసినప్పుడు హైడ్రాక్సైడు పెరిగి, పసుపులోని కర్క్యుమిన్ రంగు మార్చుకుంటుంది. నిమ్మరసం పడగానే దానిలోని ఆమ్లం వచ్చి హైడ్రాక్సైడును నీరుగా మార్చేస్తుంది. క్షారం పోయింది కాబట్టి ఎరుపూ పోయింది. పసుపు మరక పడ్డ తెల్లచొక్కాకు సబ్బు పెట్టగానే మరక ఎర్రబడటం చూసే ఉంటారు. సబ్బుకూ క్షార గుణం ఉంది మరి!

పప్పు ఉడకదేం?

ఇప్పుడు పప్పు సంగతి. వాననీళ్లు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కుతాయి. ఆ పులుపుకు సున్నపురాళ్లు, ఇతర రాళ్లు కొద్దికొద్దిగా కరుగుతాయి. అలా కాల్షియం, మెగ్నీషియం కలిసిన నీళ్లే కఠిన జలం. మనవాళ్లు వీటిని కూడా ఉప్పునీళ్లు అనేస్తారు. ఈ నీళ్లలో సబ్బు రుద్దితే ఆ కాల్షియం పోయి సబ్బుతో జత కట్టి, కరగని తెట్టులా తేలుతుంది. నురగకు సబ్బు మిగిలితే కదా! బట్టల పొడులు ఈ నీళ్లలోనూ నురగనిస్తాయంటే, వాటిలోని పదార్థం కాల్షియంతో కలిసినా గడ్డకట్టని రకం కావడమే కారణం.

పప్పులోనూ ఇదే తంతు. పప్పు గింజలో కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచేది పెక్టిన్ అనే జిగురు. అది కరిగితేనే గింజ మెత్తబడుతుంది. కఠిన జలంలోని కాల్షియం ఆ జిగురుకు పట్టుకుని దాన్ని మరింత గట్టిపరుస్తుంది. చిటికెడు వంటసోడా వేస్తే క్షారం పెరిగి జిగురు విడిపోతుంది. పప్పు ఉడుకుతుంది. అయితే సోడా ఎక్కువైతే పప్పులోని బి1 విటమిన్ దెబ్బతింటుంది. అందుకే ముందుగా నానబెట్టుకోవడమే మేలు.

అన్నట్టు, మరిగిస్తే నీటి కాఠిన్యంలో కొంత భాగం తగ్గుతుంది. వేడికి బైకార్బనేటు విడిపోయి కార్బనేటుగా మారుతుంది. అది కాల్షియంతో కలిసి సుద్దగా అడుగుకు చేరుతుంది. నీళ్ల కాగు అడుగున తెల్లటి పెచ్చులు కట్టేది అందుకే. ఈ మాట గుర్తుంచుకోండి. దీంతో మళ్లీ పని పడుతుంది.

ఎర్రబారే బిందె

బోరు నీళ్లు తెల్లారేసరికి ఎర్రబడటం మాత్రం కాస్త వేరే కథ. ఇక్కడ జతలు మారడంతో పాటు ఎలక్ట్రాన్లూ చేతులు మారతాయి. లోతైన నేలలో గాలి తగలదు. అక్కడి ఇనుము నీళ్లలో కరిగే రూపంలోనే ఉంటుంది. రంగు తెలియదు. నీళ్లు పైకి వచ్చి గాలి సోకగానే ఆక్సిజన్ ఆ ఇనుము నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాగేసుకుంటుంది. ఇలా మారిన ఇనుము నీళ్లలో ఉండలేదు. హైడ్రాక్సైడుతో కలిసి తుప్పురంగు మడ్డిగా దిగిపోతుంది. రాత్రంతా వెడల్పాటి పాత్రలో గాలి తగిలేలా ఉంచి, పొద్దున్నే పైతేట వడగట్టుకుంటే ఇనుము చాలావరకు తగ్గిపోతుంది.

ఇనుము ఉన్న నీళ్లతో ఒక మంచి ఉంది. రంగుతోనో, వాసనతోనో, బట్టల మీద మరకతోనో నేనున్నానని చెప్పేస్తుంది. చెప్పకుండా ఉండేవాటితోనే చిక్కు.

తేట నీళ్లలో కనపడనిది

1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో కొన్ని గ్రామాల జనాన్ని షార్ట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు పరీక్షించారు. వారి పళ్ల మీద గోధుమరంగు మచ్చలు. మెడ తిరగదు. నడుము వంగదు. వంగినది నిలవదు. కారణం తాగే నీళ్లలోని ఫ్లోరైడని వాళ్లు ప్రకటించారు. ఎముకలను ఇలా పట్టేసే ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో వెలువడిన తొలి నివేదికల్లో అదొకటి. ఆ తర్వాత నల్గొండ పేరు వినగానే ఫ్లోరైడు గుర్తుకొచ్చే పరిస్థితి వచ్చింది.

ఫ్లోరైడుకు రంగు లేదు. వాసన లేదు. తాగే నీళ్లలో ఉండే మోతాదులో రుచీ తెలియదు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీళ్లలో 1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు సరిపెట్టుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దూ 1.5 మిల్లీగ్రాములే. లీటరు నీళ్లంటే దాదాపు పది లక్షల మిల్లీగ్రాములు. అందులో ఒకటిన్నర! నల్గొండలో కొన్ని బోర్ల నీళ్లలో ఇది ఎన్నో రెట్లు మించి కనిపించింది.

ఎక్కడి నుంచి వచ్చింది? రాళ్ల నుంచే. అక్కడి నేల కింద పరుచుకున్న గ్రానైటు రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. నీళ్లు ఏళ్ల తరబడి ఆ రాళ్ల పగుళ్లలో నిలవ ఉండి వాటిని కొద్దికొద్దిగా కరిగించుకుంటాయి. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ అయినచోట ఆ నీళ్లు పలచబడే అవకాశమూ తక్కువే. బావులు ఎండి బోర్లు లోతుకు దిగేకొద్దీ, రాళ్ల మధ్య ఎక్కువ కాలం నిలవ ఉన్న నీళ్లే బిందెల్లోకి రాసాగాయి.

రాయిలో దొరకని జత

ఇక్కడే పప్పు ఉడికించిన రసాయనశాస్త్రం మళ్లీ వస్తుంది. ఫ్లోరైడుకు బాగా నచ్చిన జత కాల్షియం. రెండూ కలిస్తే కాల్షియం ఫ్లోరైడ్ అవుతుంది. అది నీళ్లలో అంతగా కరగదు. లీటరుకు 16 మిల్లీగ్రాములే. అందులో ఫ్లోరైడు వాటా 8 మిల్లీగ్రాములు. అదే సోడియంతో కలిసి ఉంటే లీటరుకు 40 గ్రాముల వరకు కరుగుతుంది. అంటే కాల్షియం పుష్కలంగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడు ఒక హద్దు దాటి పెరగలేదు. దాటితే గట్టిపడి అడుగుకు పోతుంది.

కానీ నేలలో కాల్షియానికి ఇంకో పోటీదారుంది. అదే కార్బనేటు. నీళ్లలో బైకార్బనేటు, క్షార గుణం పెరిగితే కాల్షియం దానితో జత కట్టి సుద్దగా నేలలోనే ఉండిపోతుంది. గీజరులో గార కట్టినట్టే! మట్టిలో కనపడే తెల్లటి సున్నపు గుల్లలు అలా పుట్టినవే. కాల్షియం వెళ్లిపోయాక నీళ్లలో మిగిలేది ఎక్కువగా సోడియం. ఇక ఫ్లోరైడును పట్టి ఆపేవాళ్లు లేరు. రాయి నుంచి ఎంత వస్తే అంతా నీళ్లలోనే తిరుగుతుంది.

ఫలితం ఏమిటో గమనించారా? సోడియం, బైకార్బనేటు ఉన్న నీళ్లు మెత్తటి నీళ్లు. సబ్బు బాగా నురగొస్తుంది. పప్పు బాగా ఉడుకుతుంది. ఏ ఇల్లాలైనా మంచినీళ్లనే అంటుంది. అలాంటి నీళ్లలోనే ఫ్లోరైడు పెరగడానికి ఎక్కువ వీలుంది. అలాగని కఠిన జలంలో ఫ్లోరైడు ఉండదనుకోవడమూ పొరపాటే. కాల్షియం దాన్ని కొంతవరకు అదుపు చేయగలదు, 1.5 మిల్లీగ్రాముల కిందికి దించుతుందన్న భరోసా లేదు. నురగను చూసో పప్పును చూసో నీళ్లు మంచివో కాదో తేల్చలేమన్నమాట.

ఆ నీళ్లు తాగితే? నేలలో కాల్షియం దొరకక తిరుగుతున్న ఫ్లోరైడుకు ఒంట్లో కాల్షియం దొరుకుతుంది. మన ఎముకలు, పళ్లు కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన ఖనిజంతోనే తయారవుతాయి. అందులోని హైడ్రాక్సైడు స్థానంలోకి ఫ్లోరైడు జొరబడుతుంది. అతి కొద్ది మోతాదులో ఇది మంచిదే. పంటిపై పొరకు పులుపును తట్టుకునే బలం వస్తుంది. టూత్‌పేస్టుల్లో ఫ్లోరైడు కలిపేది అందుకే. మోతాదు మించితే మంచి కాస్తా చెడవుతుంది. పళ్లు తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఆ నీళ్లు తాగితే రాబోయే పళ్ల మీద చారలు, మచ్చలు పడతాయి. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు గట్టిపడి పెళుసవుతాయి. కీళ్ల దగ్గరి స్నాయువుల్లోనూ కాల్షియం పేరుకుంటుంది. మెడ, వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోతాయి.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఇంకో కోణాన్ని బయటపెట్టారు. ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో కొందరు పిల్లలకు, యువకులకు మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకునేలా కాళ్లు వంకరపోవడాన్ని గుర్తించారు. తిండిలో కాల్షియం తక్కువైనచోట ఫ్లోరైడు దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. పేద ఇళ్ల మీదే దాని కసి ఎక్కువ. ఒకసారి వంగిన ఎముకను మళ్లీ నిటారుగా నిలిపే మందు లేదు. నీళ్లు మార్చడమొక్కటే మార్గం. ఎంత త్వరగా మారిస్తే అంత మంచిది.

పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి

ఎలా మార్చాలి? కాల్షియంతో ఫ్లోరైడు అడుగుకు పోతుందన్నారు కదా, సున్నం కలిపితే సరిపోదా? సరిపోదు. కాల్షియం ఫ్లోరైడే లీటరుకు 8 మిల్లీగ్రాముల ఫ్లోరైడును నీళ్లలో వదిలేస్తుంది. సున్నం ఇంకా ఇంకా పోస్తే ఆ లెక్క తగ్గినా, అప్పటికి నీళ్లు నోట పెట్టలేనంత క్షారంగా మారతాయి. కాబట్టి ఇంకో జత కావాలి.

ఆ జతను మన ఇళ్లు ఎప్పటి నుంచో ఎరుగును. పటిక! గోదావరికి కొత్తనీరొచ్చి బురదబురదగా ఉన్నప్పుడు బిందెలో పటికముక్క తిప్పేవారు. చిల్లగింజ అరగదీసి కలిపేవారు. పటికలోని అల్యూమినియం నీళ్లలోని హైడ్రాక్సైడుతో కలిసి జిగురులాంటి తెల్లటి తరకలు కడుతుంది. అవి మెల్లగా దిగుతూ బురదనంతా తమతో అడుగుకు లాక్కుపోతాయి. అల్యూమినియానికి ఫ్లోరైడన్నా మక్కువే. కాబట్టి ఆ తరకలు ఫ్లోరైడును కూడా పట్టుకుపోతాయి. అయితే మురికి నీళ్లను తేర్చడానికి కావలసిన పటిక కన్నా దీనికి చాలా ఎక్కువ కావాలి.

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970ల మధ్యలో రూపొందించిన పద్ధతి ఇదే. దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు వచ్చింది. ఒక జిల్లా కష్టం పేరుతో ఓ విధానం దేశదేశాల్లో తెలిసింది. ఆఫ్రికాలోని టాంజానియా వంటి చోట్ల కూడా దీన్ని వాడి చూశారు.

అందులో మూడు వస్తువులు. పటిక ఫ్లోరైడును పట్టుకుంటుంది. పటిక వేసినప్పుడు హైడ్రాక్సైడు ఖర్చయి నీళ్లు పులుపెక్కుతాయి. ఆ పులుపును సరిచేసేది సున్నం. పటికలో ఇరవయ్యో వంతు వేస్తారు. క్రిములను చంపడానికి కాస్త బ్లీచింగ్ పొడి. ఇంటి మట్టానికైతే అడుగు నుంచి కొంచెం ఎత్తులో కొళాయి ఉన్న బకెట్టు చాలు. పది నిమిషాలు మెల్లగా కలపాలి. గంటసేపు కదపకుండా ఉంచాలి. తరకలు అడుగున చేరాక పైతేటను కొళాయి నుంచి పట్టుకోవాలి. కరెంటు అక్కర్లేదు. యంత్రాలూ అక్కర్లేదు.

చెప్పుకోవలసిన లోట్లూ ఉన్నాయి. పటిక ఎంత వేయాలన్నది నీళ్లలోని ఫ్లోరైడు మీద, క్షార గుణం మీద ఆధారపడుతుంది. పరీక్ష లేకుండా గుప్పెడు వేస్తే ప్రమాదమే. తక్కువైతే ఫ్లోరైడు మిగులుతుంది. ఎక్కువైనా, పులుపు సరిపడకపోయినా అల్యూమినియం, సల్ఫేటు నీళ్లలో మిగిలిపోతాయి. అడుగున చేరిన మడ్డిలో పట్టుబడ్డ ఫ్లోరైడంతా ఉంటుంది. దాన్ని బావి పక్కన పారబోస్తే తిరిగి మొదటికే వస్తుంది. రోజూ కొలిచి, కలిపి, కడిగే ఓపిక ఉన్నన్నాళ్లే ఈ పద్ధతి నడుస్తుంది. చాలాచోట్ల ఆగిపోవడానికి కారణం రసాయనశాస్త్రం కాదు, ఆ ఓపిక.

అందుకే అన్నిటికన్నా నికరమైన దారి, ఫ్లోరైడు లేని నీళ్లు తెచ్చుకోవడం. నదుల్లో, రిజర్వాయర్లలో పారే వాననీటికి రాళ్లతో అంత సుదీర్ఘ సావాసం ఉండదు. కాబట్టి ఫ్లోరైడు సాధారణంగా తక్కువ. కృష్ణా జలాల కోసం నల్గొండ ప్రజలు దశాబ్దాలపాటు ఉద్యమించారంటే దాని వెనక ఉన్నది ఈ లెక్కే. తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథ నదీజలాలను గొట్టాలతో ఊళ్లకు చేర్చింది. అయితే నేల కింది రాళ్లు మారలేదు. కొళాయి రాని పూట మళ్లీ బోరు దగ్గరికి వెళితే పాత ఫ్లోరైడు అక్కడే ఉంటుంది.

రంగు చెప్పే నిజం

కంటికి కనపడని ఫ్లోరైడును కనిపెట్టేదెలా? ఇక్కడా జత మార్చే చమత్కారమే. జిర్కోనియం అనే లోహాన్ని అలిజరిన్ అనే రంగుతో కలిపితే ఎర్రటి ద్రావణం వస్తుంది. దానిలో ఫ్లోరైడున్న నీళ్లు కలిపితే జిర్కోనియం రంగును వదిలేసి ఫ్లోరైడు వెంట పోతుంది. ఒంటరిగా మిగిలిన రంగు పసుపు వైపు తిరుగుతుంది. ఎంత పసుపైతే అంత ఫ్లోరైడు. క్షేత్రస్థాయి పరీక్ష పెట్టెల్లో వాడే పద్ధతుల్లో ఇదొకటి. ఎర్రనీళ్లు పసుపుగా మారడం దిష్టి పళ్లెంలో చూస్తే వేడుక, ఇక్కడ చూస్తే హెచ్చరిక.

బోరు నీళ్లు తాగే ఇళ్లవాళ్లు గుర్తుంచుకోవలసినవి కొన్నున్నాయి. కొత్త బోరు వేయగానే తాగడం మొదలుపెట్టకుండా గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఒకసారి పరీక్ష చేయించాలి. పక్కింటి బోరు మంచిదైతే మనదీ మంచిదే అనుకోకూడదు. రాతి పగులు మారితే నీరు మారుతుంది.

మరిగిస్తే క్రిములు చస్తాయి, కొంత సుద్ద దిగుతుంది. ఫ్లోరైడు మాత్రం పోదు. పైగా నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో దాని పాలు పెరుగుతుంది. గుడ్డలో వడపోసినా, క్యాండిల్ ఫిల్టరులో పోసినా అంతే. కరిగిన అయానును ఏ గుడ్డా ఆపలేదు. ఆర్ఓ యంత్రాలు, యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లు దాన్ని తగ్గించగలవు. కాకపోతే లోపలి పొరను, పొడిని వేళకు మార్చాలి. మధ్యమధ్య నీళ్లు పరీక్షించుకోవాలి.

తాగడానికి మంచినీళ్లు తెచ్చుకుని, వంటకు మాత్రం బోరు నీళ్లు వాడే ఇళ్లున్నాయి. అన్నం, పప్పు పీల్చుకునేది ఆ నీళ్లనే. ఎసరు ఇంకిపోయినా ఫ్లోరైడు మెతుకుల్లోనే ఉండిపోతుంది. వంట నీళ్లూ తాగే నీళ్లతో సమానమే. ఇక పిల్లలకు పాలు, పెరుగు, ఆకుకూరలు, రాగులు బాగా పెట్టాలి. తిండిలోని కాల్షియం కడుపులోనే కొంత ఫ్లోరైడుతో జత కట్టి, రక్తంలోకి పోనీయకుండా బయటకు పంపుతుంది. బడిలో పిల్లల పళ్ల మీద చారలు కనిపిస్తే తోముకోవడం లేదని కసురుకోవడం కాదు, ముందు ఆ ఇంటి నీళ్లు చూడాలి.

నీళ్లు తేటగా ఉన్నాయంటే అందులో మడ్డి లేదని మాత్రమే అర్థం. ఏమీ లేదని కాదు. ఏ అయాను ఎవరి వెంట పోతుందో తెలుసుకున్నవాళ్లు దాన్ని బకెట్టు అడుగునే ఆపగలరు. తెలుసుకోకపోతే అది పిల్లల ఎముకల్లో చేరుతుంది. ఒక సీసా నీళ్లు పరీక్షకు పంపడానికి పట్టేది ఒక పూట.